ఎడమవైపు వెనక తలుపు

మా ఆయన సీతారామాంజనేయులుగారు కారు తీసే పద్ధతి చూసి పెళ్లయిన కొత్తలో పడీ పడీ నవ్వాను. స్టీరింగు ముందు కూర్చుని, తాళం చెవి పెట్టి, మళ్లీ దిగుతారు. చుట్టూ తిరిగొచ్చి ఎడమవైపు వెనక తలుపు తీస్తారు. ఒక మనిషి ఎక్కి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు దాన్ని పట్టుకుని నిలబడతారు. తర్వాత మెల్లగా వేసి, వెళ్లి స్టార్ట్ చేస్తారు. తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలంటే ఒకసారి లాగి చూస్తే చాలు కదా, తియ్యడమెందుకని అడిగాను. "అలవాటు" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే జవాబు.

ఆయన మామూలు రైతు. రెడ్డిగూడెం దాటాక పన్నెండెకరాల మామిడి తోట మాది, ఎక్కువగా చిన్న రసాలు, గట్ల వెంట కలెక్టరు కాయ. డిగ్రీ సగంలో మానేసి తోటలోకి దిగారు. అంటు కట్టడంలో ఆయన చెయ్యి మంచిదని బాపులపాడు నుంచి కూడా వచ్చి తీసుకెళ్తారు. మాట తక్కువ. కోపం అసలు లేదు, అందుకే ఆయన వాటా కూడా నేనే కోప్పడాల్సి వచ్చింది. పామన్నా పిడుగన్నా భయపడరు కానీ, కోత మొదలైన రోజున మాత్రం మామిడిపండు ముట్టరు. ఎందుకని అడిగితే వేడి చేస్తుందంటారు. మర్నాటి నుంచి పూటకి నాలుగు తింటారు, అప్పుడు వేడి ఎటు పోతుందో నాకు తెలీదు.

కారు ఫియట్. 1966లో మా మామగారు బెజవాడలో కొన్నారు. మీగడ రంగు. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటిది ఇంకొకటి లేదు. ఇప్పుడు హైదరాబాదు వాళ్లు అలాంటివి వెతుక్కుంటూ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తున్నారు. ఇంజను ఇప్పటికీ తాళం ఒక్కసారి తిప్పితే అందుకుంటుంది. ఉన్న లోటల్లా రెండే. ఎడమవైపు వెనక అద్దం ఎప్పుడూ దిగే ఉంటుంది. అద్దం ఎత్తే పిడి ఎప్పుడో ఊడదీసేశారు, కొత్తది బిగించనివ్వరు. వానొస్తే ఆ కిటికీకి యూరియా గోతం కడతారు. రెండో లోటు, ఆ తలుపు మీది చెయ్యి.

చెయ్యి అంటే చేతి మచ్చ. తలుపు హ్యాండిల్ పక్కన అరచెయ్యి, అయిదు వేళ్లు, నల్లగా, రంగులోకి దిగబడిపోయి. ఉంగరపు వేలు సగమే ఉంటుంది. మామిడికాయ తొడిమ విరిస్తే కారే సొన ఒంటి మీద పడితే చర్మం కాలి పుండవుతుంది. కారు రంగుని కూడా అలాగే తింటుంది. అది మా తోటలో కాయలు కోసే, ఉంగరపు వేలు సగం తెగిన పోతురాజు చెయ్యి. నేను కాపురానికి రాకముందు ఎప్పుడో, మొదటి కోత రోజున, చెట్టు దిగి ఎండాకుల్లో కాలు పెడితే రక్తపింజరి కరిచిందట. మామగారు తక్షణం కార్లో ఎక్కించుకుని నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్లారట. మామగారు స్వయంగా తలుపు తీసి పట్టుకుంటే, ఎక్కుతూ ఆన్చిన చెయ్యి అది. ఆసుపత్రి గుమ్మంలోనే ప్రాణం పోయిందట. ఈ కథ మా అత్తగారు నాకు చెప్పినప్పుడల్లా, కూలివాణ్ణి సొంత కార్లో తీసుకెళ్లిన మారాజు అంటూ మామగారి గొప్పతనంతో ముగించేవారు. నేనూ నమ్మాను, గర్వపడ్డాను కూడా.

అయితే అత్తగారు ఆ వైపు కూర్చునేవారు కాదు. ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. మా పెళ్లయిన మూడో ఏడు, నేను పోరితే, మామగారు ఆ పక్క మొత్తం రంగు వేయించారు. మచ్చ మాయమైంది. ఆ వేసవిలో కోత మొదలైన పదో రోజుకి అదే చోట, సగం వేలుతో సహా, చెయ్యి మళ్లీ తేలింది. మొదట టీ మరకలా, తర్వాత నల్లగా. అత్తగారు కారుకి నిమ్మకాయలు కట్టించారు. సొన లోపలికి దిగింది, ఎండకి పైకి తేలుతుందని నేను సైన్సు చెప్పాను. చెప్పానే గానీ, ఆ రోజు నుంచి సాయంత్రం కారు షెడ్డు వైపు వెళ్లాల్సి వస్తే పిల్లని తోడు తీసుకెళ్లేదాన్ని.

మామగారు పోయేముందు వారం రోజులు మంచం మీద ఒకటే అడిగారు, "తలుపు తీశారా?" అని. వీధి తలుపు తీశాం. పెరటి తలుపు తీశాం. కిటికీలన్నీ తీశాం. అయినా అడుగుతూనే ఉన్నారు. మా ఆయన మాత్రం లేచి బయటికి వెళ్లేవారు, కాసేపటికి వచ్చి "తీశాను నాన్నా" అనేవారు. అప్పుడు ఊరుకునేవారు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మార్చిలో మా అమ్మాయి ప్రవల్లిక విజయవాడలో పాత కార్ల ప్రదర్శనకి మా కారు పేరు ఇచ్చింది. రంగు మొత్తం కొత్తగా వేయించండి, ఆ చెయ్యి ఉంటే అందరూ అదేంటని అడుగుతారని ఫోను చేసింది. పాత కార్లకి పాత రంగే అందమని, ముట్టుకోకూడదని కూడా అక్కడెవరో అన్నారట. నాకు ఆ వాదనలేం పట్టలేదు. ఆ చెయ్యి పోవాలి, అంతే. ఇన్నేళ్లుగా సైన్సు చెప్పుకుంటూ భయపడ్డది చాలు. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకునే అలవాటు నాది, వెంటనే బాలశౌరికి కబురు పెట్టాను.

బాలశౌరికి నూజివీడులో జంక్షన్ రోడ్డు మీద షెడ్డుంది. డెంటింగు, పెయింటింగు. నెమ్మదస్తుడు, ఆదివారం చర్చికి వెళ్లొచ్చాకే ఏ పనైనా. ఓ పొద్దున వచ్చి కారు చుట్టూ తిరిగాడు. రంగు మీద వేలి గోరుతో తట్టి విన్నాడు. ఆ తలుపు దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు ఉండిపోయాడు. గరుకు నీళ్ల కాయితం తడిపి, తలుపు సందుకి అటూ ఇటూ మచ్చ మీద గోరంత చోటు రుద్దాడు. రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్లీ చూశాడు. నేను కాఫీ గ్లాసుతో నిలబడ్డాను. మా ఆయన వరండా స్తంభం దగ్గరే ఆగిపోయారు.

"ఇది కింద నుంచి తేలిన మచ్చ కాదండి, టీచరుగారూ" అన్నాడు బాలశౌరి. "కింద రంగులో ఉన్నది వేరు, అది అక్కడే ఉండిపోయింది. ఇది పైన పడింది. పై నుంచి తిన్నదండి. ఒక్కసారి కాదు, పొర మీద పొర. ఏటేటా పడింది."

ఏటేటా పడడమేంటి అన్నాను. అతను అరచెయ్యి ఎక్కడుందో, వేళ్లెక్కడున్నాయో వేలితో గీసి చూపించాడు. అరచెయ్యి తలుపు మీద ఉంది. వేళ్లు తలుపు సందు దాటి, వెనక బాడీ మీద ఉన్నాయి. మధ్యలో సందు దగ్గర కూడా ఎక్కడా తేడా లేకుండా సరిగ్గా కలుస్తున్నాయి.

"కిందిదీ ఇలాగే ఉందండి, మొట్టమొదటిది. తలుపు తీసుంటే ఈ చెయ్యి ఇలా పడదు. తలుపు వేసుండగా పెట్టిన చెయ్యి ఇది" అన్నాడు.

అతను కాఫీ తాగి, ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తెండి, నేను మాత్రం ఇక్కడికి రానని చెప్పి వెళ్లిపోయాడు. నేను ఆ సందు వైపే చూస్తూ నిలబడ్డాను. లెక్కల టీచర్ని. జామెట్రీ చెప్పినదాన్ని. ఇన్నేళ్లు రోజూ చూసి, ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. తలెత్తి చూస్తే మా ఆయన స్తంభం దగ్గర లేరు. కార్లో, వెనక సీట్లో, కుడివైపు కూర్చుని ఉన్నారు. ఎడమవైపు ఖాళీ వదిలి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, చిన్న పిల్లాడిలా ముడుచుకుని. అరవై మూడేళ్ల మనిషిని అలా చూడటం నాకు భరించరాని సంగతైంది.

అక్కడే, ఆ సీట్లోంచే చెప్పారు. అప్పుడు ఆయనకి పదేళ్లు. మొదటి కోత గంప దేవుడి గదికి కార్లో తేవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడే బెజవాడలో కొత్త సీట్లు కుట్టించారు. గంప ముందు సీట్లో గోనె మీద పెట్టారు, ఈయన వెనక కూర్చున్నారు. బయల్దేరబోతుంటే పోతురాజు పరిగెత్తుకొచ్చాడు. పాము అన్నాడు. చేతుల నిండా సొన. తలుపు హ్యాండిల్ పట్టుకోబోయి, అదుపు తప్పి, చెయ్యి తలుపుకి ఆన్చి నిలబడ్డాడు. మామగారు వెనక్కి తిరిగి కొడుకుతో అన్న మాట ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సొన చేతులురా. సీటు పాడవుద్ది. అద్దం ఎత్తు."

ఈయన అద్దం ఎత్తారు. పిడి తిప్పుతూ ఎత్తారు. పోతురాజు అద్దంలోంచి ఈయన్నే చూస్తున్నాడట. బతిమాలలేదట, తిట్టలేదట, చెయ్యి మాత్రం తియ్యలేదట. మామగారు కిటికీలోంచి తల బయటపెట్టి ఎడ్లబండి కట్టమని కేకేసి, కారు ముందుకి తీశారు. బండి నూజివీడు చేరేసరికి మూడు గంటలు పట్టింది. ప్రాణం అంతసేపు ఆగలేదు. పోతురాజు భార్య అచ్చమ్మ ఆ రోజు తోటలో లేదు, తొలి కాన్పుకి జి. కొండూరులో పుట్టింట్లో ఉంది. వచ్చాక ఆమెకి మామగారే కార్లో తీసుకెళ్లామని చెప్పారు. ఆ మాటే మా ఇంట్లో కథగా నిలిచింది.

నాకు కోపం వచ్చింది. పోయిన మామగారి మీద, మారాజు కథ చెప్పిన అత్తగారి మీద, నవ్వుతూ ఆ కథ బళ్లో పిల్లలకి కూడా చెప్పిన నా మీద. ఈయన మీద రావాలి, రాలేదు. పదేళ్ల వాడు తండ్రి చెబితే అద్దం ఎత్తక ఏం చేస్తాడు. అదే అన్నాను.

"ఎత్తింది నేను, రత్నం" అన్నారు. "వాడు ఏటా వస్తున్నాడు. బాలశౌరి చెప్పింది విన్నావుగా. అందుకే తలుపు తీస్తాను. రంగు వేస్తే మళ్లీ అద్దం ఎత్తినట్టే."

ఎండ నడినెత్తి మీద ఉంది. అచ్చమ్మకి నిజం చెప్పండి, రంగు సంగతి ఆమెనే తేల్చమనండి అన్నాను. ఆయన భయమల్లా అక్కడే. అచ్చమ్మ దగ్గర పోతురాజు ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా కారు మీది చెయ్యి, మా మొగుణ్ణి దొరగారు కార్లో తీసుకెళ్లారన్న మాట. చెబితే ఆ మాట పోతుంది. చెప్పకుండా రంగేస్తే చెయ్యి పోతుంది. ఏది పోయినా తీసుకున్నది తనేనని ఆయన బాధ. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. రాత్రుళ్లు నేనూ సరిగా నిద్రపోలేదు, షెడ్డు వైపు కిటికీ వేసుకుని పడుకున్నాను.

ఇక్కడ అచ్చమ్మ గురించి ఒక మాట చెప్పాలి. డెబ్బై దాటాయి. చెట్టెక్కే కోత కాదు గానీ, కింద కాయ ఏరి, తొడిమ విరిచి, సొన కారేలా బోర్లించే పని ఇప్పటికీ చేస్తుంది. ఏటా మొదటి కోత రోజున, పని మొదలెట్టే ముందు, కారు దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. మొగుడికి దండం పెట్టుకుంటుందని మాకు తెలుసు. ఆ సమయంలో మా ఇంటివాళ్లం అటు చూడం. పక్కకి వెళ్లిపోతాం. అది మర్యాద అనుకున్నాం. మా ఆయన అయితే తోట చివరి దాకా వెళ్లి, చాలాసేపటికి గానీ వచ్చేవారు కాదు.

ఏప్రిల్ నెలాఖరున కోత పెట్టుకున్నాం. ఆ పొద్దున ఆయన తలుపు తీసి, పట్టుకుని నిలబడి, వేసి, కారు తీశారు. నేను మొదటిసారి వెనక, ఎడమవైపు కూర్చున్నాను. ఎందుకంటే చెప్పలేను. భయంతో వేగడం కన్నా ఆ చోట కూర్చుని చూసేద్దామన్న మొండితనం కావచ్చు. ఆయన ముందు అద్దంలో నన్ను చూసి, కారు పోనిచ్చారు. దారి పొడవునా సొన వాసన. ఇంకా ఒక్క కాయ కూడా తెగలేదు.

తోటలో కారు ఆగగానే ఆయన దిగి అలవాటు కొద్దీ చెట్ల మధ్యకి వెళ్లిపోయారు. నేను దిగలేదు. కూలీలు కాయలు కోసే చిక్కాల కర్రలతో అటు చివర ఉన్నారు. ఇటు ఎవరూ లేరు. ఆకు కూడా కదలడం లేదు. అప్పుడు అచ్చమ్మ వచ్చింది. దగ్గరి కొమ్మ నుంచి ఒక కాయ తెంపింది. కారు వైపు నడుస్తూనే తొడిమ విరిచి, ఆ కారిన సొనని కుడి అరచేతిలోకి పట్టింది. పూర్తిగా కారేదాకా పట్టింది. కాయని కొంగులో వేసుకుని, రెండు చేతులూ కలిపి, కుంకుడు రసం రుద్దినట్టు అరచేతికీ వేళ్లకీ రాసుకుంది. ఆ సొన ఎంత మంటో నాకు తెలుసు. ఆమె మొహంలో మంట లేదు.

కిటికీ దగ్గర, నాకు జానెడు దూరంలో ఆగింది. నన్ను చూసిందో లేదో తెలీదు. కుడిచేతి ఉంగరపు వేలు లోపలికి మడిచింది, సగానికి. ఆ మడత చూసుకుంది. తర్వాత చెయ్యి ఆ మచ్చ మీద, తలుపు సందుకి అడ్డంగా, మెల్లగా ఆన్చి నొక్కిపట్టింది.

యాభై మూడేళ్లు. సొన తడిగా ఉన్నప్పుడు కనబడదు. వారం ఎండ తగిలితే నల్లబడుతుంది. అప్పటికి ఆమె ఎక్కడో కాయలు ఏరుకుంటూ ఉంటుంది. మేం ఇంట్లో నిమ్మకాయలు కట్టుకుంటూ ఉంటాం.

ఎప్పుడొచ్చారో, మా ఆయన కారు ముందు నిలబడి ఉన్నారు. ఈసారి పక్కకి వెళ్లలేదు. అంతా చూశారు. అచ్చమ్మ చెయ్యి తీసి, కొంగుతో తుడుచుకోకుండా, ఆయన వైపు తిరిగింది.

"అచ్చమ్మా" అన్నారు. "ఆ రోజు తలుపు తియ్యలేదు. అద్దం ఎత్తింది నేనే."

"తెలుసండి, బాబుగారూ. బండి తోలింది మా అన్నేనండి. దారంతా మీ మాటే చెప్పాడంట మా ఇంటాయన, చిన్నబాబు అద్దం ఎత్తాడని."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మా ఆయన కారు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డారు. రంగు వేయిద్దామని అనుకున్నామని, ఇప్పుడు వేయించనని, ఆమె ఏమంటే అదేనని ముక్కలు ముక్కలుగా చెప్పారు. అచ్చమ్మ ఓపిగ్గా విన్నది.

"మీ కారు, మీ ఇష్టమండి. వేయించుకోండి. పై యేడు మళ్లీ వస్తాగా" అన్నది.

ఆయన ఇటు నడిచి వచ్చారు. నేను జరిగాను. ఎడమవైపు వెనక తలుపు తీసి, రోజూ పట్టుకున్నట్టే పట్టుకుని నిలబడ్డారు. ఈసారి ఎదురుగా మనిషి ఉంది. "ఎక్కు అచ్చమ్మా. ఇంటి దగ్గర దింపుతాను. ఇవాళ పని వద్దు" అన్నారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేనూ ఎక్కమన్నాను, చోటు చూపించాను.

అచ్చమ్మ సీటు వైపు చూసింది. పాత సీటు, అప్పటిదే, ఒక్క మరక లేదు. తన రెండు అరచేతులూ తిప్పి మాకు చూపించింది. యాభై ఏళ్ల కాలిన మచ్చలు, వాటి మీద మెరుస్తూ ఇవాళ్టి తడి.

"సొన చేతులండి. సీటు పాడవుద్ది" అని, కొంగులోని కాయ తీసి గంపలో వేసి, పనిలోకి వెళ్లిపోయింది.